చోటు తెలిసిన చెయ్యి

మా మేనత్త ఎలిశబెతు ఒకచోట కుదురుగా కూర్చోగా మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అన్నం తింటూ మధ్యలో లేచి, చెయ్యి కడుక్కుని, కాగితం మీద ఏదో రాసుకుని వచ్చి మళ్ళీ కూర్చునేది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆమె వేళ్ళు మాత్రం పైట కొంగును మెలితిప్పుతూనే ఉండేవి. ఆ తత్వం తన అక్కకు పుట్టుకతో వచ్చింది కాదనీ, 1959 చలికాలంలో నెల్లూరు ఆసుపత్రిలో పట్టుకుందనీ మా నాన్న చెప్పేవాడు. నాన్న చెప్పిందీ, నేను ఆమెను అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది ఇందుకూరుపేట. మా తాత పేరు సమాధానం, కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేవాడు. మైపాడు పడవలవాళ్ళు ఆయన తాడంటే మారు మాట్లాడకుండా తీసుకుపోయేవాళ్ళు. ఎలిశబెతు నెల్లూరు మిషన్ బడిలో ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివి, ఏడాది పాటు లాబొరేటరీ పని నేర్చుకుని, ఇరవై రెండేళ్ళకు నెల్లూరులోనే ఒక ఆసుపత్రిలో చేరింది. నెత్తురు పరీక్షలు, కళ్ళె పరీక్షలు, గాజు సామాను కడగడం ఆమె పని. ఒక ఏడాదిపాటు ఆ పని మీద ఆమెకు ఏ చికాకూ లేదు.

1959 డిసెంబరులో జువ్వలదిన్నె నుంచి పిచ్చమ్మ అనే ఆమె నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. వాళ్ళది సముద్రం మీద చేపలు పట్టుకునే కుటుంబం. బిట్రగుంట దాకా ఎద్దుల బండిలో, అక్కడి నుంచి రైల్లో వచ్చారు. పిల్ల మెడ ఉబ్బిపోయి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు. డాక్టరు రంగనాయకులు గారు నాలుక మీద చెంచా ఆనించి చూశారు. గొంతులో బూడిదరంగు పొర కనిపించగానే కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, అన్నారు. విరుగుడు మందు మద్రాసు నుంచి రావాలి. అది రెండోరోజు మధ్యాహ్నానికి వచ్చింది. పిల్ల ఆ ఉదయమే పోయింది.

ఇంట్లో మిగిలిన పిల్లల గొంతులు కూడా చూడాలన్నారు డాక్టరు గారు. పిచ్చమ్మ పెద్దకొడుకుకు ఎనిమిదేళ్ళు. వాడికి జ్వరం లేదు, నొప్పి లేదు. అయినా వాడి గొంతులోంచి దూదిపుల్లతో తీసిన నమూనాలోనూ అదే సూక్ష్మజీవి కనిపించింది. ఎలిశబెతు రెండు నమూనాల గాజుపలకలనూ సూక్ష్మదర్శిని కింద మార్చి మార్చి చూసింది. తేడా ఏమీ లేదు. రెండు నమూనాలనూ మద్రాసుకు పంపితే, పిల్ల గొంతులోది విషం పుట్టించేదనీ, పిల్లవాడి గొంతులోది పుట్టించనిదనీ కాగితం వచ్చింది.

రెండు వారాల తర్వాత పిచ్చమ్మ ఆ సంగతి కనుక్కోవడానికి వచ్చింది. డాక్టరు గారు లేరు. ఎలిశబెతు ఒక్కతే ఉంది.

"మా అత్త వాడికి కూడు వేరేగా పెడతా ఉండాది" అంది పిచ్చమ్మ. "చెల్లెల్ని చంకనేసుకోని తిరిగేవోడు. వాడి మూలానే పిల్ల పోయినాదంటా ఉండారు. నిజం చెప్పమ్మా. వాడి నించే అంటుకున్నాదా?"

"కాదక్కా. వాడి గొంతులో ఉండేదానికి విషం లేదు. అది వేరే, ఇది వేరే. ఈ కాయితంలో రాసినారు చూడు" అంది ఎలిశబెతు. పిచ్చమ్మకు చదవడం రాదు. అయినా కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బొడ్డులో దోపుకుని వెళ్ళింది.

సాయంత్రం ఎలిశబెతు ఈ సంగతి డాక్టరు గారితో సంతోషంగానే చెప్పింది.  ఆయన, అలా తెగేసి చెప్పకుండా ఉండాల్సిందన్నారు. కంఠసర్పి సూక్ష్మజీవి తనంతట తాను విషం చెయ్యలేదట. దానికంటే ఎంతో చిన్నదైన ఒక వైరస్ దాని లోపలికి దూరి, దాని డి.ఎన్.ఎ. తీగలో తన తీగను కలిపేసుకుంటుందట. అప్పుడే దానికి విషం చేసే విద్య అబ్బుతుందట. వైరస్ లేనంతకాలం అది గొంతులో ఊరికే పడి ఉంటుంది. అందుచేత అన్న గొంతులోని జాతే చెల్లెలి గొంతుకు చేరి, అక్కడ వైరస్ తగిలి మారిపోయి ఉండవచ్చు. లేదా పిల్లకు ఎక్కడో బయట అంటుకుని ఉండవచ్చు. ఏది నిజమో ఇక ఎవరూ చెప్పలేరు.

ఎలిశబెతు జువ్వలదిన్నెకు వెళ్ళి ఆ మాట సరిదిద్దలేదు. సరిదిద్దితే ఆ పిల్లవాడికి మళ్ళీ కూడు వేరే పెట్టించినట్టే. కానీ తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పానన్నది ఆమెను కొరకడం మొదలుపెట్టింది. ముందు తెలుసుకుని ఉండాల్సింది అనుకుంది. ఆ తర్వాత, అసలు ఆ వైరస్ ఎక్కడ కూర్చుంటుంది, ఎలా కూర్చుంటుంది అని అడగడం మొదలుపెట్టింది. రంగనాయకులు గారు తనకు తెలిసినంతా చెప్పి, ఇంక విసుక్కుని, తన దగ్గరున్న పత్రికలన్నీ ఆమె ముందు పెట్టారు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆమె ఆ ఇంగ్లీషంతా చదివింది.

అలా చదువుతూ చదువుతూ 1963లో ఒక వ్యాసం దగ్గర ఆగిపోయింది. అది కంఠసర్పి గురించి కాదు. మనుషుల పేగుల్లో ఉండే మామూలు బాక్టీరియా గురించీ, దానిలో దూరే ఒక వైరస్ గురించీ రాసింది. డి.ఎన్.ఎ. అంటే అక్షరాల్లాంటి రసాయనాల వరుస; బాక్టీరియాలో అది లక్షల అక్షరాల పొడవు. అంత పొడవులో ఈ వైరస్ ఎప్పుడు దూరినా ఒకే ఒక్క చోట వచ్చి కలుస్తుంది. ముందుగా వైరస్ తీగ రెండు కొసలూ కలుపుకుని చుట్టలా అవుతుందనీ, ఆ చుట్ట ఒకచోట, బాక్టీరియా తీగ ఒకచోట తెగి, తెగిన కొసలు అడ్డంగా మారి అతుక్కుంటాయనీ ఒక శాస్త్రజ్ఞుడు ఊహించాడు. ఆ ఊహ ఆమెకు నచ్చింది. కానీ కోసేదెవరు? లక్షల అక్షరాల్లో ఆ చోటే అని దానికి ఎలా తెలుస్తుంది? వ్యాసం చివరిదాకా వెతికింది. ఆ మాటే లేదు.

మద్రాసులో ఇలాంటి వైరస్‌ల మీద పనిచేసే పద్మనాభయ్య గారనే తెలుగు ప్రొఫెసరు ఉన్నారని డాక్టరు గారి ద్వారా తెలిసి ఆయనకు ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. మళ్ళీ రాసింది. మూడో ఉత్తరానికి ఆయన జవాబు రాశారు. మీరడిగినదానికి నా దగ్గర సమాధానం లేదు, లాబ్‌లో సహాయకురాలి ఉద్యోగం మాత్రం ఉంది, వస్తారా అని. మా తాతకు ఆమె వెళ్ళడం ఇష్టం లేదు. పెళ్ళి సంబంధం ఒకటి అప్పటికి మాటల్లో ఉంది. ఆమె ఆ సంబంధాన్ని వద్దని, ఆ నెలలోనే రైలెక్కింది.

మద్రాసులో ఆమె రోజూ చేసిన పని బయటివాళ్ళకు వింతగా ఉంటుంది. గాజు పళ్ళేల్లో బాక్టీరియాను పచ్చిక పరిచినట్టు పెంచి, దాని మీద వైరస్ చల్లేది. వైరస్ బాక్టీరియాను చంపినచోట పచ్చికలో చిల్లు పడుతుంది. ఆ చిల్లు మధ్యలో మసకగా కొంత బాక్టీరియా మిగులుతుంది. అవి వైరస్‌ను తమ తీగలో కలుపుకుని బతికిపోయినవి. వాటిని ఏరి పెంచి, మళ్ళీ వైరస్ పోసినా చావవని తేల్చుకోవాలి. రోజుకు వందల చిల్లులు. మిగతావాళ్ళు గంటకొకసారి లేచి కాఫీకి వెళ్ళేవాళ్ళు. ఎలిశబెతు కూర్చోలేక నిలబడే పనిచేసేది. బల్లకూ కిటికీకీ మధ్య తిరుగుతూ, వెలుతురుకు పళ్ళెం ఎత్తి చూస్తూ.

1966 ఫిబ్రవరిలో ఒక చిల్లు నుంచి తీసిన బాక్టీరియా ఆమెను తికమక పెట్టింది. మొదట అన్నిటిలాగే వైరస్‌కు తట్టుకుంది. కొన్ని తరాలు పెరిగేసరికి తట్టుకోవడం మానేసింది. వెతికితే లోపల వైరస్ లేదు. అంటే ఆ వైరస్ లోపలికి వచ్చింది, చంపకుండా ఊరుకుంది, కానీ తీగలో కలవలేక జారిపోయింది. తప్పు తన చేతుల్లోనే ఉందనుకుని ఆరుసార్లు మళ్ళీ చేసింది. ఆరుసార్లూ అదే. పద్మనాభయ్య గారు పళ్ళెం చూసి, ఏదో కల్తీ అయి ఉంటుంది, పారెయ్యమన్నారు. ఆమె సరేనంది. ఆ చిల్లులోని వైరస్‌ను చిన్న సీసాలో పోసి, మూత మీద తేదీ రాసి, ఐసుపెట్టె అడుగున పెట్టింది. పెట్టిందే గానీ ఆ మాట ఎవరితోనూ అనలేక నిద్ర సరిగా పోక, మేలో పది రోజులు సెలవు పెట్టి ఇంటికి వచ్చింది.

నెల్లూరు స్టేషన్లో దిగగానే పిచ్చమ్మ ఎదురైంది. ఎండుచేపల గంపలతో కూర్చుని ఉంది. పక్కన పదిహేనేళ్ళ కొడుకు గంప ఎత్తడానికి తలపాగా చుట్టుకుంటున్నాడు. ఆమె ఎలిశబెతును వెంటనే పోల్చుకుంది.

"నువ్విచ్చిన కాయితం ఇంకా దాచిపెట్టి ఉండానమ్మా. మా అత్త పొయ్యేముందర వాణ్ణి దగ్గరికి పిలిచి అన్నం కలిపి పెట్టినాది" అంది.

ఎలిశబెతు ఆ పిల్లవాడి వైపు చూసి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. బస్సుకు వేళయిందని చెప్పి వచ్చేసింది. బస్సు కదలడానికి ఇంకా అరగంట ఉంది.

తాతకు అప్పటికి కళ్ళకు పొరలు కమ్మి వెలుగూ నీడా తప్ప తెలిసేది కాదు. అయినా పని మానలేదు. పెరట్లో చింతచెట్టు నీడన కూర్చుని, తెగిన పడవ తాళ్ళకు అతుకులు వేసేవాడు. ముడి వెయ్యకుండా, రెండు కొసల పేటలనూ విప్పి, ఒకదానిలోకి ఒకటి ఎక్కించి, పురి కలిసిపోయేట్టు అల్లడం ఆయన పని. ఎలిశబెతు నాలుగు రోజులు ఊరికే చూసింది. ఐదో రోజు, ఏ చోట తాడు తెరవాలో కళ్ళు లేకుండా ఎలా తెలుస్తుందని అడిగింది.

ఆయన బొటనవేలును పేటల మధ్య గాడిలో పెట్టి తాడు పొడుగునా జరిపాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ పురి బిగువు మారినాది. విప్పేది తర్వాత. ముందర పైనించే వేలికి తెలస్తాది."

విప్పకుండానే తెలుస్తుందా అని ఆమె మళ్ళీ అడిగింది. విప్పి చూస్తే తాడు పాడవుతుంది గదా అన్నాడాయన. అప్పుడు ఆమె మద్రాసులోని తన తిప్పలన్నీ, ఆయనకు అర్థమయ్యేట్టు, తాడు మాటల్లోనే చెప్పింది. అతుక్కోవాల్సిన తాడు ఒకటి అతుక్కోవడం లేదు. తాడులో ఆ చోటు చెడిపోయిందో, అతికే చెయ్యే చెడిపోయిందో తెలియడం లేదు.

తాత తాడు కొసను ఆమె చేతిలో పెట్టాడు. "నా చేతిలో అతకని తాడు ఇంకోడి చేతికిచ్చి చూడు. అతికినాదంటే తాడు మంచిదే, నా చెయ్యే పోయినాది. ఎవురి చేతిలోనూ అతక్కపోతే తాడుదే తప్పు. ఇందులో తెలవనిదేముండాది?"

ఎలిశబెతు మిగిలిన సెలవు రద్దు చేసుకుని మర్నాడే మద్రాసు రైలెక్కింది. ఆమెకు ఇంకా నాలుగైదు రోజుల సెలవు ఉందని మా నాయనమ్మ కోడిపెట్టను కోయడానికి పట్టి ఉంచింది. అది అలాగే కొట్టంలో మిగిలిపోయింది.

ఆమె చేసింది ఇదీ. అదే బాక్టీరియాలోకి ఒకేసారి రెండు వైరస్‌లను పంపింది. ఒకటి కలవలేక జారిపోయేది. రెండోది మంచిది. ఏది ఏదో తర్వాత విడిగా పోల్చుకోవడానికి వీలుగా రెంటికీ వేరు వేరు గుర్తులున్న రకాలను ఎంచుకుంది. మంచి వైరస్ తన చేతిని తయారు చేసుకుంటుంది. ఆ చెయ్యి కణంలో తేలుతూ తిరిగేదే అయితే, పక్కనున్న చెడ్డ వైరస్ తీగను కూడా పట్టుకుని అతకాలి. పది రోజులకు ఫలితం తేలింది. జారిపోయే వైరస్ కూడా బాక్టీరియా తీగలో కలిసి కూర్చుంది. తరాలు గడిచినా జారిపోలేదు.

అంటే దాని తీగలోని చోటు చెక్కు చెదరలేదు. లోపించింది చెయ్యి. ఆ చెయ్యి ఒక ఎంజైము. అది వైరస్ తయారు చేసుకునే ప్రొటీను. తనది, పరాయిది అని చూడదు. ఆ చోటు ఎక్కడ ఉంటే అక్కడ పట్టుకుంటుంది, కోస్తుంది, అడ్డంగా మార్చి అతికేస్తుంది.

పద్మనాభయ్య గారు మూడు రోజులు ఆమె పళ్ళేలన్నీ తానే కిటికీ దగ్గర నిలబడి చూశారు. ఆఖరికి, "దీన్ని పారెయ్యమన్నది నేనేనా?" అన్నారు. అవునండీ అంది ఎలిశబెతు. ఆయన ఆ తర్వాత ఆమె చెప్పిన పళ్ళెం దేన్నీ పారెయ్యమనలేదు.

ఇలా కలవలేని వైరస్ రకాలు ఇంకా కొన్ని పోగుచేసి వ్యాసం రాద్దామని ఆయన ఆగారు. ఆమె తొందరపెట్టింది. ఆయన ఆగారు. 1967లో ఓడ టపాలో విదేశీ పత్రిక వచ్చింది. అందులో ఇదే సంగతి, ఇంతకంటే ఎక్కువ రకాలతో, ఇంకెవరో రాశారు. పద్మనాభయ్య గారు పత్రిక ఆమె బల్ల మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఎలిశబెతు నిలబడే చదివింది. తన ఫలితం నిజమేనని తేలినందుకు మొదట సంతోషమే కలిగింది. తర్వాత గబగబా చివరి పేజీలకు వెళ్ళింది. చెయ్యి ఉందని వాళ్ళకూ తెలిసింది. ఆ చేతికి చోటెలా తెలుస్తుందో వాళ్ళూ రాయలేదు. పత్రిక మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ ఆ పేజీలే తిప్పింది.

మరుసటి ఏడాది ఒక చిన్న దేశీయ పత్రికలో వాళ్ళ వ్యాసం వచ్చింది. మూడో పేరు ఆమెది. పేరు రెండు ముక్కలుగా విరిగి అచ్చయింది. దాన్ని ఆమె పట్టించుకోలేదు. ఆమె పట్టుకున్నది ఒక వాక్యాన్ని. ఎంజైము ఆ చోటును గుర్తిస్తుంది అని ప్రొఫెసరు గారు రాశారు.

"గుర్తిస్తుంది అని రాశారు. ఎట్లా గుర్తిస్తుందండీ? దానికి కళ్ళు లేవు. డి.ఎన్.ఎ. రెండు పేటలూ విప్పి లోపల అక్షరాలు చూస్తుందా? విప్పకుండా పైనుంచే, గాడిలో తడిమి తెలుసుకుంటుందా?"

"మనకు తెలియదమ్మా" అన్నారు పద్మనాభయ్య గారు.

"తెలియనప్పుడు ఆ మాట ఎందుకు రాయడం?"

ఆయన కోపగించుకోలేదు. తెలియని చోట ఏదో ఒక మాట పెట్టి ముందుకు వెళ్తామనీ, అది తెలుసుకోవడం పళ్ళేలతో అయ్యే పని కాదనీ, అణువుల ఆకారం, అవి ఒకదాన్నొకటి పట్టుకునే తీరు చదివినవాళ్ళే చెయ్యగలరనీ చెప్పారు. నువ్వు చేసింది తక్కువ పని కాదు, ఇక్కడితో తృప్తిపడు అని కూడా అన్నారు. ఆ చివరి మాటతో ఆమె మద్రాసు జీవితం అయిపోయింది.

ఇప్పుడు ఆ సంగతి పుస్తకాల్లో ఉంది. ఆ వైరస్ చోటులోనూ, బాక్టీరియా చోటులోనూ పదిహేను అక్షరాలు ఒకే వరుసలో ఉన్నాయని తర్వాతి దశాబ్దంలో చదవగలిగారు. ఎంజైము ఆ పదిహేనుతోనే సరిపెట్టుకోదు. వాటికి రెండు పక్కల ఉన్న అక్షరాలను కూడా పట్టుకుంటుంది. డి.ఎన్.ఎ.కి రెండు పేటల మధ్య గాడులుంటాయి. ఆ గాడుల్లోకి ఒక్కొక్క అక్షరం అంచు ఒక్కొక్క తీరుగా పొడుచుకుని ఉంటుంది. ప్రొటీను ఆ గాడిలో ఒదిగి, ఆ అంచులతో చిన్న చిన్న బంధాలు వేసుకుంటుంది. ఒక్కో బంధం బలహీనమే. అక్షరాలన్నీ సరైన వరుసలో ఉన్నప్పుడు అవన్నీ కలిసి గట్టి పట్టు అవుతాయి. చోటు తప్పితే పట్టు చిక్కదు, జారిపోతుంది. అలా నాలుగు ప్రొటీన్లు చేరి పట్టు కుదిరాకే కోత మొదలవుతుంది. 1968లో ఇదేదీ ఎవరికీ తెలియదు. మా అత్తకు తెలిసిందల్లా తనకు రసాయనశాస్త్రం రాదన్నది ఒక్కటే.

ఆ జూన్‌లో ఉద్యోగం వదిలేసి ఇందుకూరుపేట వచ్చేసింది. నాన్న గొడవ పెట్టాడు. మంచి ఉద్యోగం, పెద్దవాళ్ళ ఆదరం, వాటిని వదులుకోవడమేమిటన్నాడు.  ఆమె నెల్లూరులో ఒక కాలేజీకి వెళ్ళి, డిగ్రీకి ముందు చదివే పి.యు.సి.లో చేరతానంటే, కిటికీ వెనకున్న గుమాస్తా, ఎవరికమ్మా, తమ్ముడికా అని అడిగాడు. నాకేనంది. ఆయన ఆమె పుట్టిన తేదీ రెండుసార్లు చూసి, లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చి, దరఖాస్తు తీసుకున్నాడు. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. తరగతిలో మిగతావాళ్ళకు పదహారూ పదిహేడూ. ఆడపిల్లలు ఆమెను మొదటిరోజు లెక్చరరు అనుకుని లేచి నిలబడ్డారు.

కెమిస్ట్రీ లెక్చరరు కామాక్షయ్య గారు ఆమెకంటే చిన్నవాడు. అణువులు ఎలా కలుస్తాయో చెబుతుంటే ఆమె లేచి, బలమైన బంధాలు సరే, బలహీనమైన వాటి సంగతి ఎప్పుడు చెబుతారని అడిగింది. అవి డిగ్రీలో వస్తాయన్నాడాయన. అంటే ఎన్నేళ్ళని అడిగింది. మూడు, నాలుగేళ్ళని చెప్పాడు. తరగతి అయ్యాక ఆమె ఆయన వెంట వరండా చివరిదాకా నడిచింది. ఆయన వదిలించుకోలేక, తాను డిగ్రీలో చదువుకున్న పుస్తకం గదిలోంచి తెచ్చి, పై వారం ఇచ్చెయ్యాలని చెప్పి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం మైపాడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది. ఇందుకూరుపేట వచ్చింది, పోయింది. కండక్టరు ఊరి పేరు అరిచాడట, ఆమెకు వినపడలేదు. బస్సు మైపాడులో ఆగి, అందరూ దిగి, సముద్రపు గాలికి పుస్తకం పేజీలు తిరగబడేదాకా తల ఎత్తలేదు. దిగమని కండక్టరు అంటే, ఇదే బస్సు వెనక్కి పోతుంది కదా అని టికెట్టు తీసుకుని, ఆ పేజీ వెతికి పట్టుకుని, అక్కడే కూర్చుంది.